చౌడు చేలో యూరియా.. వేరుశనగకు ఎసరు

మచిలీపట్నం: 2025 ఖరీఫ్‌లో యూరియా బస్తా కోసం రాష్ట్ర రైతాంగం సహకార సంఘాల ముందు బారులు తీరింది. 45 కిలోల బస్తా ధర రూ.266.50 మాత్రమే అయినా, అది చేతికందేసరికి రైతుకు ప్రాణం మీదకు వచ్చినంత పనైంది. అంత పాట్లు పడి తెచ్చుకున్న బస్తాను సముద్రతీరంలోని ఉప్పు తేలిన నేలలో, అందునా వేరుశనగపై చల్లితే ఒనగూరే ప్రయోజనం ఎంత? ప్రయోజనం లేకపోగా కొన్ని చేలల్లో దిగుబడికి నష్టమే జరుగుతుందని వ్యవసాయ శాస్త్రం చెబుతోంది. ఈ విషయం గ్రామస్థాయిలో రైతుకు వివరంగా చెప్పేవారు కరవయ్యారు.

కృష్ణా డెల్టా అనగానే వరి గుర్తుకు వస్తుంది. అయితే బందరు తీరంలోని ఇసుక నేలల్లోనూ, నదికి ఆవల బాపట్ల, వేటపాలెం, చీరాల తీరపు ఇసుక మేటల్లోనూ వేరుశనగ దశాబ్దాలుగా సాగులో ఉంది. ఇక దివిసీమ సంగతి వేరు. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతాల్లో ఖరీఫ్ వరి కోతకు కాస్త ముందుగా నల్లరేగడి నేలల్లో మినుము చల్లడం ఆనవాయితీ. ఇప్పుడు ఆ మాగాణి భూములపైనే నూనెగింజల పథకాల దృష్టి పడుతోంది. 2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం రూ.10,103 కోట్లతో ఆమోదించిన జాతీయ నూనెగింజల మిషన్ వరి, బంగాళాదుంప కోతల తర్వాత ఖాళీగా ఉండే భూములను లక్ష్యంగా చేసుకొని, అదనంగా 40 లక్షల హెక్టార్లలో ఈ పంటలను విస్తరించాలని తలపెట్టింది. దేశ వంటనూనెల అవసరంలో సగానికి పైగా దిగుమతులే తీరుస్తున్నందున లక్ష్యం సమంజసమైనదే. కానీ డెల్టా శివారులో వరి కోసిన తర్వాత నేల ఖాళీగా ఉండదు. అప్పటి నుంచే అందులో ఉప్పు పైకి రావడం మొదలవుతుంది.

కాల్వ ఆగితే ఉప్పు లేస్తుంది

డెల్టాలో ఉప్పు కొత్తగా వచ్చినది కాదు. 1855లో బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తయి, తర్వాత దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చి, 13 లక్షల ఎకరాలకు తీపి నీరు పారినంత కాలం ఆ ఉప్పు అణిగి ఉంది. పొలంలో నిలిచిన నీరు ఉప్పును కిందికి నెట్టి మురుగు కాల్వల ద్వారా సముద్రానికి చేర్చేది. ఎగువన ఆలమట్టి, నారాయణపూర్ వంటి జలాశయాలు వచ్చాక వానలు తగ్గిన ఏడాది దిగువకు చేరే నీరు తగ్గిపోయింది. 2002 మొదలు వరుస కరవు ఏళ్లలో డెల్టా రైతు దీనిని కళ్లారా చూశాడు. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి నీరు రావడంతో ఖరీఫ్‌కు కొంత ఊరట లభించినా, కేఈబీ కాల్వ చివరి భూములకు నీరు చేరడంలో జాప్యం తప్పడం లేదు.

కాల్వ కట్టేశాక భూగర్భంలోని ఉప్పు నీరు సన్నని మట్టి రంధ్రాల గుండా పైకి ఎగబాకుతుంది. ఎండకు నీరు ఆవిరై ఉప్పు మిగిలిపోతుంది. ఫిబ్రవరి, మార్చి నాటికి గట్ల మీద, చేలో మెరక చోట్ల తెల్లటి పొర కన్పించేది ఇందువల్లే. దీనికి తోడు ఆటుపోట్ల సమయంలో మురుగు కాల్వల్లోకి ఎగదన్నే సముద్రపు నీరు, ముఖద్వారాల వద్ద స్లూయిజు తలుపులు సరిగా పడని చోట్ల నేరుగా పొలాల పక్కకే చేరుతుంది. రొయ్యల చెరువుల నుంచి ఊటగా దిగే నీరు మరొక సమస్య. చెరువుకూ చేనుకూ మధ్య లోతైన మురుగు బోదె లేకపోతే పక్క రైతు నోరు మూసుకొని నష్టాన్ని భరించవలసిందే.

పైరును బట్టి ఉప్పు దెబ్బ

నేలలోని ఉప్పును విద్యుత్ వాహకత ద్వారా కొలుస్తారు. దీనినే వాడుకలో ఈసీ అంటున్నారు. కొలమానం మీటరుకు డెసీసైమన్. సముద్రపు నీటి ఈసీ సుమారు 50 ఉంటుంది. ఏ పంట ఎంత ఉప్పును తట్టుకుంటుందనే పట్టికను అమెరికాలోని కాలిఫోర్నియాకు చెందిన మాస్, హాఫ్‌మన్ అనే శాస్త్రవేత్తలు 1977లో వెలువరించారు. దివిసీమను ఉప్పెన ముంచెత్తి వేలమందిని పొట్టన పెట్టుకున్నదీ, పొలాలను ఉప్పు మయం చేసినదీ ఆ ఏడాది నవంబరు 19నే. తర్వాత మరిన్ని పంటలు చేరిన ఆ పట్టికే నేటికీ ప్రపంచవ్యాప్తంగా ప్రామాణికం.

దాని ప్రకారం వరికి హద్దు 3.0 డెసీసైమన్లు, వేరుశనగకు 3.2. చూపునకు రెండూ ఒక్కటే. అయితే హద్దు దాటాక పడే దెబ్బలోనే తేడా ఉంది. హద్దు మీద ఒక్కో డెసీసైమన్ పెరిగితే వరి దిగుబడి 12 శాతం తగ్గుతుంది. వేరుశనగ 29 శాతం పడిపోతుంది. అంటే నేలలో ఉప్పు 5కు చేరితే వరి రైతుకు పావు వంతు నష్టం, వేరుశనగ రైతుకు సగానికి పైగా నష్టం. అదే 5 వద్ద పొద్దుతిరుగుడుకు కలిగే నష్టం నామమాత్రమే. దాని హద్దు 4.8, ఆ తర్వాత తగ్గుదల యూనిట్‌కు 5 శాతం. నూనెగింజలన్నింటినీ ఒకే గాటన కట్టి మండలానికి ఇన్ని ఎకరాలని లక్ష్యాలు నిర్ణయిస్తే ఏమవుతుందో ఈ అంకెలే చెబుతున్నాయి. కర్నాల్‌లోని కేంద్ర నేల లవణీయత పరిశోధన సంస్థ ఉప్పును తట్టుకునే సీఎస్-52, సీఎస్-54 వంటి ఆవ రకాలను రూపొందించింది. అవి హర్యానా, రాజస్థాన్ రైతులకు అక్కరకు వచ్చాయి గానీ తీరాంధ్ర వేరుశనగ రైతుకు వాటితో పని లేదు.

వరి సూత్రం వేరుశనగకు పనికిరాదు

ఉప్పు నేలలో నత్రజని సమస్య అసలు ఎక్కడ మొదలవుతుందో చూద్దాం. చల్లిన యూరియా నేలలో మొదట అమ్మోనియాగా, తర్వాత సూక్ష్మజీవుల చర్యతో నైట్రేట్‌గా మారుతుంది. ఉప్పు ఎక్కువైతే నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు మందగిస్తాయి. అమ్మోనియా అలాగే నిలిచి, క్షారగుణం ఉన్న నేలలో కొంత భాగం ఆవిరై గాలిలో కలిసిపోతుంది. మిగిలినది నైట్రేట్‌గా మారినా వేరు వద్ద దానికి ఉప్పులోని క్లోరైడుతో పోటీ తప్పదు. రెండూ దాదాపు ఒకే దారిలో వేరులోకి ప్రవేశిస్తాయి గనుక క్లోరైడు ఎక్కువ ఉన్న చోట నైట్రేట్‌కు దారి ఇరుకవుతుంది. వీటన్నిటికీ తోడు ఉప్పు నేలలో నీరున్నా వేరు దానిని పీల్చుకోలేదు. నీరు కదలనిదే అందులో కరిగిన పోషకమూ కదలదు.

ఈ కారణాల వల్లే చౌడు నేలల్లో వరికి సిఫారసు చేసిన నత్రజని కంటే 25 శాతం అదనంగా, అదీ విడతలవారీగా వేయాలని శాస్త్రవేత్తలు చెబుతూ వచ్చారు. నష్టపోయే భాగాన్ని భర్తీ చేయడమే దాని ఉద్దేశం. ఆ సలహా వరికి సరైనదే. డెల్టా రైతుకు వ్యవసాయమంటే వరే కనుక ‘చౌడు చేనుకు ఒక బస్తా ఎక్కువ’ అన్న మాట నాటుకుపోయింది. అదే చేత్తో వేరుశనగకూ చల్లుతున్నారు. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

వేరుశనగ తన నత్రజనిని తానే సమకూర్చుకునే పైరు. వేళ్ల మీద ఏర్పడే బుడిపెల్లోని రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తుంది. బుడిపెలు పనిలోకి వచ్చే వరకు మొక్కకు ఆసరాగా మాత్రమే బయటి నత్రజని కావాలి. అందుకే నీటి వసతి కింద సాగుచేసే వేరుశనగకు ఎకరాకు 12 కిలోల నత్రజని చాలునన్నది సిఫారసు. యూరియా రూపంలో చూస్తే ఇది 26 కిలోలు, అంటే బస్తాలో సగానికి కాస్త ఎక్కువ. దీనికి మించి వేస్తే మొక్క బుడిపెలను తగ్గించుకుంటుంది. బయట తేరగా దొరుకుతున్నప్పుడు లోపల కష్టపడవలసిన పని దానికి లేదు.

ఉప్పు కూడా సరిగ్గా ఆ బుడిపెలనే దెబ్బతీస్తుంది. చిత్రమేమంటే రైజోబియం బ్యాక్టీరియా చాలావరకు మొక్క కంటే ఎక్కువ ఉప్పును ఓర్చుకోగలదు. కానీ మొక్క వేళ్లు ఉప్పు వల్ల సరిగా పెరగవు. ఏర్పడిన బుడిపెలు కూడా చిన్నవై పనితనం కోల్పోతాయి. అంటే ఉప్పు చేలోని వేరుశనగకు అదనంగా యూరియా వేయడమంటే అప్పటికే సగం దెబ్బతిన్న బుడిపెలను మిగతా సగం కూడా నిలువరించడమే. ఆకు నాలుగు రోజులు పచ్చబడుతుంది. రైతు సంతోషిస్తాడు. కాయ దశలో అసలు సంగతి బయటపడుతుంది.

కాయ విషయంలో మరో మెలిక ఉంది. భూమిలోకి దిగిన ఊడలు, లేత కాయలు తమకు కావలసిన కాల్షియాన్ని చుట్టూ ఉన్న మట్టి నుంచే నేరుగా పీల్చుకుంటాయి. ఉప్పులోని సోడియం కాల్షియానికి అడ్డుపడుతుంది. ఫలితంగా పైకి నిండుగా కన్పించే కాయలో పప్పు ఉండదు, లొట్టలు మిగులుతాయి. పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం సాలు పక్కన వేసి మట్టి ఎగదోయమనేది ఇందుకే. జిప్సంలోని గంధకం గింజలో నూనె శాతానికీ తోడ్పడుతుంది. నత్రజని మోతాదు మించితే నూనెగింజల్లో మాంసకృత్తులు పెరిగి నూనె శాతం తగ్గుతుంది. సబ్సిడీ మీద చవకగా దొరికే యూరియా వైపే రైతు చేయి వెళ్తుంది తప్ప, బరువెక్కువ, పేరు తక్కువ అయిన జిప్సం వైపు వెళ్లదు. అదును దాటాక సరఫరా అయితే అసలే ప్రయోజనం లేదు.

అయితే జిప్సం ఉప్పును విరిచేస్తుందన్న నమ్మకమూ పొరపాటే. అది కారు చౌడుకు మందు. సముద్రపు ఉప్పు వల్ల తెల్లగా పొంగే పాల చౌడుకు మంచి నీరు పెట్టి కడగడం, ఆ నీరు బయటకు పోయేలా మురుగు తీయడం తప్ప వేరే దారి లేదు. కృష్ణా పశ్చిమ డెల్టాలోని ఉప్పుగుండూరులో ఇండో-డచ్ సహకారంతో భూమి లోపల గొట్టాలు పరిచి మురుగు తీసిన ప్రయోగం ఈ దిశగా చేసినదే.

ఇక్కడ ఒక సంగతి స్పష్టం చేయాలి. నత్రజని అన్ని నూనెగింజలకూ చేటు కాదు. నువ్వు, పొద్దుతిరుగుడు పైర్లకు బుడిపెలు లేవు. వాటికి నత్రజని బయటి నుంచే అందాలి. నువ్వుకు ఎకరాకు 16 కిలోలు సిఫారసు కాగా, పొద్దుతిరుగుడు ఇంకా ఎక్కువ కోరుతుంది. ఓ మోస్తరు ఉప్పు ఉన్న చోట తగు మోతాదులో విడతలుగా అందే నత్రజని ఈ పైర్లకు కొంత బలాన్నే ఇస్తుంది. ఉప్పు మరీ పెరిగాక మాత్రం ఎంత వేసినా పైరు అందుకోలేదు. మూరియేట్ పొటాష్ విషయంలోనూ జాగ్రత్త అవసరం. అందులో ఉండేది క్లోరైడే కనుక ఉప్పు చేనుకు సల్ఫేట్ రూపంలోని పొటాష్ మేలు.

పసుపు ఆకు చెప్పే మూడు సంగతులు

రైతు యూరియా చల్లడానికి ప్రేరణ ఆకు రంగు. వేరుశనగ ఆకు పాలిపోవడానికి తీరంలో కనీసం మూడు కారణాలున్నాయి. నత్రజని లోపమైతే కింది ముదురు ఆకులు ముందుగా, ఆకంతా ఒకే తీరున లేత పసుపుకు తిరుగుతాయి. చేనంతా దాదాపు ఒకే రకంగా కన్పిస్తుంది. ఇనుము లోపమైతే పై లేత ఆకుల్లో ఈనెలు ఆకుపచ్చగానే ఉండి, మధ్య భాగం పసుపవుతుంది. దీనికి లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేస్తే సరిపోతుంది, యూరియాతో పని లేదు. ఉప్పు దెబ్బ అయితే ముదురు ఆకుల అంచులు, కొనలు గోధుమ రంగులో మాడతాయి. మొక్క గిడసబారుతుంది. చేనంతా కాక అక్కడక్కడ మచ్చలుగా, మెరక చోట్ల ఎక్కువగా కన్పిస్తుంది.

సందేహం తీరకుంటే మరో పరీక్ష ఉంది. విత్తిన నెల రోజులకు నాలుగైదు మొక్కలను మట్టితో సహా జాగ్రత్తగా పెళ్లగించి, వేళ్లు కడిగి, బుడిపెను గోటితో చీల్చి చూడాలి. లోపల గులాబీ, ఎరుపు రంగు ఉంటే అది పనిచేస్తున్నట్లు. తెల్లగానో, ఆకుపచ్చగానో ఉంటే లేనట్లు. దీనికి ల్యాబ్ అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు.

దొరువులో తీపి ఎంత కాలం?

తీరపు ఇసుకలో వేరుశనగకు నీటి ఆధారం దొరువు. ఇసుకలో గరాటు ఆకారంలో తవ్విన ఈ గుంటల్లో వాన నీరు ఊరుతుంది. వాన నీరు ఉప్పు నీటి కంటే తేలిక కనుక ఇసుక పొరల్లో దాని మీద తేలుతూ ఉంటుంది. సముద్ర మట్టానికి ఒక అడుగు ఎత్తున తీపి నీరు నిలిస్తే, కింద సుమారు 40 అడుగుల వరకు తీపి నీరే ఉంటుందని లెక్క. ఇది పైకి వరంలా కన్పిస్తుంది. తిరగేసి చూస్తే, మోటారుతో పైన ఒక అడుగు తోడేస్తే కింది నుంచి ఉప్పు 40 అడుగులు పైకి జరుగుతుంది. పూర్వం కుండలతో చేది పోసినంత కాలం దొరువుకు ఈ ప్రమాదం లేదు. లోతు బోరు వేసి మోటారు బిగించినప్పటి నుంచి మొదలైంది.

బాపట్లలోని ఉప్పు నీటి పరిశోధన కేంద్రం అభివృద్ధి చేసిన మెరుగుపరచిన దొరువు పద్ధతి ఇందుకు ఆచరణీయమైన సమాధానం. ఇసుకలో తక్కువ లోతున అడ్డంగా చిల్లుల గొట్టాలు పరిచి, వాటి ద్వారా పై పొర నీటిని మాత్రమే ఒక బావిలోకి చేర్చి, అక్కడి నుంచి చిన్న మోటారుతో తుంపర్ల లేదా బిందు సేద్యానికి వాడతారు. మీగడ తీసినట్లు తీపి నీటిని పైపైనే తీయడమన్న మాట. వేరుశనగకు పెట్టే నీటి ఈసీ 2 దాటితే దిగుబడి తగ్గడం మొదలవుతుందని, 3.3 వద్ద సగం పోతుందని అంతర్జాతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. నీరు కాస్త ఉప్పగా ఉన్న చోట తుంపర్ల కంటే బిందు పద్ధతి మేలు. ఉప్పు నీరు ఆకు మీద పడి ఆరితే ఆకు మాడుతుంది.

యూరియాకూ దొరువుకూ ఉన్న సంబంధాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. ఇసుకలో నైట్రేట్ నిలవదు. రెండు తడులకే కిందికి దిగి, దొరువులోని పలుచని తీపి నీటి పొరలోనే కలుస్తుంది. తీర గ్రామాల్లో ఆ పొరే తాగునీటికీ ఆధారమైన ఇళ్లున్నాయి. తాగే నీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదన్నది భారత ప్రమాణం. పైరుకు పనికిరాని ఎరువు చివరకు ఇంటి బిందెలోకి చేరే అవకాశం ఉన్నప్పుడు, వేరుశనగ చేనుకు ఒక బస్తా ఎక్కువ వేయడం ఆ రైతు సొంత విషయంగా మిగలదు.

కార్డులో గడి ఉంది

2015 ఫిబ్రవరిలో ప్రారంభమైన భూసార ఆరోగ్య కార్డుల పథకం కింద పరీక్షించే 12 అంశాల్లో ఈసీ కూడా ఒకటి. అంటే ఉప్పు వివరం రైతు చేతిలోని కాగితంలోనే ఉంది. అయినా కార్డు ఇచ్చేటప్పుడు నత్రజని, భాస్వరం, పొటాష్ గడులే చదివి వినిపిస్తారు. ఈసీ అంకె తక్కువగా కన్పించడం ఇందుకు ఒక కారణం. ల్యాబ్‌లలో ఒక వంతు మట్టికి రెండు, రెండున్నర వంతుల నీరు కలిపి కొలుస్తారు. పైన చెప్పిన 3.2 హద్దు మాత్రం మట్టి పూర్తిగా తడిసే మేరకే నీరు కలిపి తీసిన ద్రావణానికి సంబంధించినది. నీరు ఎక్కువ కలిపితే అంకె తగ్గుతుంది. కార్డులో ఒకటి కన్పించినంత మాత్రాన చేను సురక్షితమని వేరుశనగ రైతు ధీమా పడరాదు. ఇసుక నేలలో ఈ తేడా మరీ ఎక్కువ.

రెండో లోపం కాలానికి సంబంధించినది. భాస్వరం రెండు మూడేళ్లకోసారి చూసినా ఫర్వాలేదు. ఉప్పు అలా కాదు. అక్టోబరు వానల తర్వాత ఒక విధంగా, మార్చి ఎండల్లో మరో విధంగా ఉంటుంది. దివిసీమ మాగాణుల్లో నూనెగింజలు వేయించదలచిన పక్షంలో నమూనా తీయవలసినది వరి కోసిన నాడు కాదు, ఆ పైరు పూత, కాయ దశలో ఉండబోయే నెలల్లో. పథకం లక్ష్యాలు ఖరారు చేసే ముందు ఒక వేసవి ముందుగానే ఈ కొలతలు తీయడం అసాధ్యమేమీ కాదు. 2020లో రైతు భరోసా కేంద్రాలుగా ఏర్పడి, 2024లో రైతు సేవా కేంద్రాలుగా పేరు మారినవి గ్రామాల్లో ఉన్నాయి. తీర మండలాల్లోని ఈ కేంద్రాలకు జేబులో పట్టే ఈసీ మీటరు ఒకటి సమకూర్చి, దొరువు నీటిని, చేలోని తడి మట్టిని నెలకోసారి చూసి పలక మీద రాయిస్తే రైతుకు బస్తా కొనాలో వద్దో తేలిపోతుంది. వేరుశనగకు ప్రత్యేకంగా ‘చౌడు చేనైనా అదనపు నత్రజని వద్దు, జిప్సం తప్పనిసరి’ అన్న ఒక్క వాక్యాన్ని కార్డులో ముద్రించడానికి బడ్జెట్ కూడా అక్కర్లేదు.

నవంబరు చివరలో, డిసెంబరు మొదట్లో విత్తిన తీర వేరుశనగలో ఊడలు దిగేది సంక్రాంతి పండుగ వేళకు. ఈశాన్య రుతుపవనాలు వెళ్లిపోయి దొరువుల్లో నీటిమట్టం తగ్గడం, ఉప్పు పెరగడం మొదలయ్యేదీ అప్పుడే. ఆకు పాలిపోయిందని రైతు ఎరువుల దుకాణం మెట్లెక్కేది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే.